స్కార్ఫ్ కింది ముఖం

మా వంశంలో పిలవకుండా వచ్చిన మనిషిని ముందు నిలబెట్టి చూస్తారు, ఆ తర్వాతే కూర్చోమంటారు. ఏమీ అడగకుండా తిరిగే మనిషి ఏదో పెద్దదే అడగడానికి వచ్చి ఉంటాడని మా తాతగారు అనేవారట. పోయిన నెల వయోమింగ్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. తను వెర్నా హోల్‌కమ్ మేనకోడలినని, వెర్నా ఈ చలికాలంలో పోయిందని, ఆవిడ వేసిన ఒక పెద్ద బొమ్మ గురించి నాతో మాట్లాడాలని చెప్పింది. అయ్యో అనడానికి ముందే నా నోట వచ్చిన మాట, నా నంబరు మీకెవరిచ్చారు అని. మీ అమ్మగారి క్రిస్మస్ కార్డులో రాసి ఉందని ఆమె జవాబు. ఆ చిత్రకారిణికి మా అమ్మ ఇన్నేళ్ళుగా ఏటా కార్డు పంపుతోందన్న సంగతి, ఒకే ఇంట్లో ఉంటున్న నాకు ఆ పూటే తెలిసింది.

విషయం ఇదీ. ఆ ఊరి బ్యాంకు హాల్లో దశాబ్దాలపాటు వేలాడిన బొమ్మ, బ్యాంకు ఆ భవనం వదిలిపోతున్నప్పుడు తిరిగి వెర్నా ఇంటికి చేరింది. ఇప్పుడు దాన్ని మ్యూజియానికి ఇస్తున్నారు. మంచులో నిలిచిన పికప్ ట్రక్కు మీద ఒక ఆడమనిషి ఆవులకు ఎండుగడ్డి వేస్తూ ఉంటుంది. ముక్కు పైదాకా స్కార్ఫ్ బిగించి, తల అవతలి వైపుకు తిప్పి ఉంటుంది. మగవాళ్ళ ఓవర్‌కోటు కింద రెండంగుళాల చీర అంచు. బొమ్మ కింద పేరు రాయాలి. "మా అత్త ఎంత అడిగినా చెప్పేది కాదు, చెప్పే హక్కు తనకు లేదనేది. ఆమె మీ అమ్మగారేనా?" అని అడిగింది మేనకోడలు. కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేశాను. కనుక్కోవలసిందేమీ లేదు. ఆమె మా అమ్మే. ఆ స్కార్ఫ్ కట్టించింది నేను. అప్పుడు నాకు పదమూడేళ్ళు.

ఆ ఊరి పేరు రాయను. రాసినా మీరు విని ఉండరు. నాన్నగారు సర్జన్. డెబ్భైలు ముగుస్తున్న రోజులు. పెద్ద నగరాల ఆసుపత్రులు మన డిగ్రీలను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, డాక్టరు దొరక్క అల్లాడుతున్న ఆ ఊరు ఆయన్ని రమ్మంది. ఒక పెద్ద రోడ్డు, ఒక బ్యాంకు, పశువుల దాణా కొట్టు, ఎడతెగని గాలి, చుట్టూ కనుచూపు మేర ఆవుల మందలు. అక్కడ పట్టపగలు కర్టెన్లు వేసి ఉండే ఇల్లు మాదొక్కటే. మా ఇళ్ళలో ఘోషా. ఇండియాలో మా వంశపు కోట చేతులు మారి సగం ధాన్యం గోదాము, సగం హాస్టలు అయిపోయినా నాయనమ్మగారి దృష్టిలో ఘోషా అలాగే ఉంది. ఉదయాన్నే ఆవిడ సాంబ్రాణి వేసేవారు. ఆ పొగ కర్టెన్లలోనూ నా బడి కోటులోనూ ఇంకిపోయి, క్లాసులో పక్క సీటు పిల్ల ముక్కు ఎగబీల్చి అటు జరిగేది. నేను మాత్రం జరిగేదాన్ని కాదు. పది గంటలకు నెయ్యి కాచిన వాసన, మూడు గంటలకు కాఫీ. కుర్చీకి వీపు ఆనిస్తే నాయనమ్మగారు ఏమీ అనేవారు కాదు, వెన్ను మీద వేలితో ఒక్కసారి తట్టేవారు. ఈ రోజుకీ నేను వీపు ఆనించి కూర్చోలేను. నాన్నగారు చెత్త డబ్బా రోడ్డు వారన పెట్టడానికి కూడా టై కట్టుకుని వెళ్ళేవారు. పక్కింటాయన బనీనుతో వచ్చి పలకరిస్తే, ఆయన టై సర్దుకుని గుడ్ మార్నింగ్ చెప్పేవారు. అమ్మకు అప్పుడు ముప్పై రెండేళ్ళు. ఇంట్లో ఆమె నవ్వడం తక్కువ. నవ్వినా చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

కోట హాల్లో మా వంశపు మగవాళ్ళవి ఏడు నిలువెత్తు బొమ్మలుండేవట. ఆడవాళ్ళది ఒక్కటీ లేదు. నాయనమ్మగారి అత్తగారి ముఖం ఎలా ఉండేదో చెప్పే ఆధారం ఈ భూమ్మీద ఎక్కడా లేదు. అందుకు ఆవిడ గర్వపడేవారు. బొమ్మలు వేసేవాళ్ళ గురించి ఆవిడ దగ్గర ఒక కథ ఉండేది. ముత్తాతగారి బొమ్మ వేయడానికి వచ్చినవాడు మూడు నెలలు వసారాలో భోంచేసి, చివర్లో లోపలివారి హారం ఒక్కసారి చూపిస్తే బొమ్మలో బంగారపు రంగు సరిచూసుకుంటానన్నాడట. చూపించారు. ఆరు వారాల్లో హారం పోయింది. వాడే తీశాడని ఎవరూ తేల్చలేదు కదా అని నాన్నగారు అంటే, "తేల్చేదేముందిరా, చూశాడుగా," అనేవారు నాయనమ్మగారు.

అలాంటి ఇంటికి ఒక డిసెంబరు మధ్యాహ్నం వెర్నా హోల్‌కమ్ కుడిచేతికి పిండికట్టుతో, ఎడమ చంకలో తెల్ల కాగితపు పొట్లాలతో వచ్చింది. గుర్రం విసిరేస్తే మణికట్టు విరిగింది, నాన్నగారు సరిచేశారు. అందుకు తన మందలోంచి ఆవు మాంసం తెచ్చింది. డాక్టరుకు ఆ ఊళ్ళో అది మర్యాద. మా ఇంట్లో అది గుమ్మం దాటకూడదు. అప్పటికే మాకొక పద్ధతి ఏర్పడింది. అమ్మ వరండాలోనే అందుకుని, థాంక్యూ చెప్పి, వచ్చినవాళ్ళ బండి మలుపు తిరిగేదాకా ఆగి, పక్కింటివాళ్ళకు ఇచ్చేసేది. వెర్నా మాత్రం తొందరగా కదల్లేదు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, ఎండకూ గాలికీ తోలులా అయిన ముఖం. భర్త పోయాక తండ్రి నాటి పశువుల రాంచ్‌ని తనే నడుపుతోంది. అమ్మ చేతుల్ని చూసింది, ముఖాన్ని చూసింది, చూస్తున్నానని దాచుకోకుండా చూసింది. నేను వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

ఆవిడ బొమ్మలు వేస్తుందని ఊరందరికీ తెలుసు. టూరిస్టులు ముచ్చటపడే తుపాకీ వీరులు, సూర్యాస్తమయంలో గుర్రాలు ఆవిడ వేసేది కాదు. అద్దం పగిలిన పికప్, దూడకు సూది వేస్తున్న ముసలి పాలేరు, రబ్బరు బూట్లతో బురదలో గేటు తీస్తున్న ఇల్లాలు, ఇలా ఆనాటి బతుకునే వేసేది. ఈ సంగతి చెప్పినప్పుడు నాయనమ్మగారు, "బొమ్మలావిడా!" అని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలో హారం కథ మొత్తం ఉంది.

రెండోసారి ఆవిడ వచ్చినప్పుడు అమ్మ నన్ను పిలిచి, చెయ్యి విరిగాక ఆవులకు మేత ఎవరు వేస్తున్నారో అడగమంది. అమ్మకు అప్పుడు ఇంగ్లీషు రాదు. ఇంటికీ బయటి ప్రపంచానికీ మధ్య మాట నేనే. చుట్టుపక్కల రాంచ్‌ల వాళ్ళు వంతులు వేసుకుని వస్తున్నారని వెర్నా చెప్పింది. అక్కడి ఆచారం అది. ఒకరు మంచాన పడితే మిగిలినవాళ్ళు వచ్చి పని చేసిపోతారు, దాని గురించి మళ్ళీ మాట్లాడరు.

"అయితే శనివారం వంతు మనదని చెప్పు," అంది అమ్మ.

"అమ్మా, అది పాలేరు పని."

"నువ్వు చెప్పు."

చెప్పాను. వెర్నా నవ్వలేదు, వద్దనలేదు. పొద్దున వచ్చి తీసుకెళ్తాను, బూట్లు నేనే తెస్తాను, సైజెంత అని అడిగింది. ఆ సాయంత్రం నాయనమ్మగారు అమ్మతో మాట్లాడకుండా నాన్నగారితో అన్నారు, మన గుమ్మంలో వందమంది పాలేర్లు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళని. నాన్నగారు పేపరు మడిచి, పేషెంటుకు ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే బాగుండదన్నారు. అమ్మ ఓ కప్పు టీ తాగి వస్తుందని ఆయన ఊహ. తోడుగా నన్ను పంపారు. కాపలా అన్న మాట ఎవరూ వాడలేదు గానీ నాకు అర్థమైంది.

శనివారాలు అలా మొదలయ్యాయి. వెర్నా ఎడమచేత్తో పికప్‌ని మనిషి నడిచే వేగాన పోనిచ్చేది. వెనక మోపులుగా నొక్కి కట్టిన గడ్డి బేళ్ళ మధ్య అమ్మ నిలబడేది. ఒంటిమీద నాన్నగారి పాత ఓవర్‌కోటు, దాని కింద చీర, ఆ కింద వెర్నా ఇచ్చిన బూట్లు. బేలుకు కట్టిన పురికొస కోసి, గడ్డిని పొరలుగా విడదీసి, కాలితో కిందికి తన్నాలి. కోసిన పురికొస ముక్క ఒక్కటి కూడా మంచులో పడకూడదు, ఆవు మింగితే చస్తుంది, అన్నీ కోటు జేబులో కుక్కుకోవాలి. అమ్మకు ఈ పని రెండు వారాల్లో పట్టుబడింది. ఆవులు ముక్కుల్లోంచి ఆవిరి వదులుతూ బారులు తీరి వెంట వచ్చేవి. నేను ముందు సీట్లో నిటారుగా కూర్చుని, నిమిషానికోసారి వెనక కిటికీ అద్దంలోంచి చూసేదాన్ని. ఆమె పడిపోతుందన్న భయం నాకు లేదు. ఈ బొమ్మలావిడకు మా నుంచి కావలసిందేమిటో కనిపెట్టాలని. దారిలో వెర్నా మాట కలపబోతే ఎస్ మిసెస్ హోల్‌కమ్, నో మిసెస్ హోల్‌కమ్ అని రెండే జవాబులు. ఆంటీ అని పిలవమని అమ్మ చెప్పింది. పిలవలేదు.

మేత వేయడం అయ్యాక ఆవిడ బొమ్మలు వేసే షెడ్డుకు వెళ్ళేవాళ్ళం. ఒకప్పుడు అందులో ఆవులు ఈనేవి. ఇనప పొయ్యి, టర్పెంటైన్, అవిసె నూనె, తడిసిన ఉన్ని, బూట్లకంటిన పేడ, మాడిన కాఫీ, ఈ వాసనలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉండేవి. అక్కడే నా అవసరం రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. వెర్నా ఒక వస్తువు చూపి పేరు చెప్పేది, అమ్మ తిరిగి పలికేది. గేట్, ట్వైన్, గ్లవ్. నెల తిరిగేసరికి చిన్న చిన్న వాక్యాలు. తప్పు పలికినప్పుడు వెర్నా దిద్దేది, అమ్మ సిగ్గుపడేది కాదు. ఇంట్లో నేను దిద్దితే మాత్రం మాట మానేసేది. ఇది నాకు నచ్చలేదు. జనవరిలో ఒక రోజు మేత మధ్యలో వెర్నా బండి ఆపి, దిగి పక్కకు వెళ్ళి, కోటులోంచి కెమెరా తీసి అమ్మను రెండు మూడు ఫోటోలు తీసుకుంది. ఎందుకో చెప్పలేదు. ఇంటికి రాగానే నాయనమ్మగారికి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "హారం చూశాడు," అన్నారు.

చేతికట్టు విప్పాక కూడా శనివారాలు ఆగలేదు. మార్చిలో ఒక శనివారం వెర్నా షెడ్డులో ఒక పెద్ద కాన్వాసు మీది గుడ్డ తీసింది. మంచు, ఆవులు, పికప్, బేళ్ళు, మధ్యలో అమ్మ. చెంగు అడ్డం లేకుండా, చెయ్యి అడ్డం లేకుండా నవ్వుతోంది. నాకు ఒళ్ళు మండింది. పదమూడేళ్ళుగా ఆమె కూతురిగా ఉండి నేను ఎరగని నవ్వును, మూడు నెలల కిందట మా వరండా ఎక్కిన మనిషి పట్టుకుపోయి కాన్వాసు మీద పెట్టుకుంది. ఆవిడ ఇన్నాళ్ళూ చూస్తున్నది దేనికోసమో ఇప్పుడు తెలిసిందనుకున్నాను.

దీన్ని బ్యాంకు హాల్లో పెడతామని అడిగారని, ఊరంతా చూస్తుందని వెర్నా చెప్పింది. "మీ అమ్మని అడుగు. ఆమెకు ఇష్టం లేకపోతే మారుస్తాను. ఆమె ఎలా అంటే అలా."

అమ్మ బొమ్మ దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. "ఉండనీయమని చెప్పు," అంది. బొమ్మనే చూస్తూ, "నేనే కదా," అంది.

నేను వెర్నా వైపు తిరిగి, నాకు తెలిసిన అతి మంచి ఇంగ్లీషులో, మా వంశంలో ఆడవాళ్ళ ముఖాలు గోడల మీద పెట్టే ఆచారం లేదని, ముఖం కప్పేయమని అమ్మ కోరుతోందని చెప్పాను. వెర్నా అమ్మను చూసింది. అమ్మ నన్ను చూసింది. తర్వాత వెర్నా వైపు తిరిగి, అవునన్నట్టు తల ఊపింది. అర్థం కాక మర్యాదకు ఊపిందనుకున్నాను. మంచిదన్నట్టు వెర్నా కాన్వాసు మీద గుడ్డ కప్పేసింది.

బొమ్మ బ్యాంకులో పెట్టిన రోజు నాన్నగారు, అమ్మ, నేను వెళ్ళాం. ఆ ఊళ్ళో బొమ్మ అందంగా ఉందా అని ఎవరూ అడగరు, తప్పుందా అని చూస్తారు. జీను పట్టీ ఉండవలసిన చోటికి ఇంచీ పక్కన ఉంటే ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. రాంచర్లు టోపీలు చేత పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి చూశారు. ఒక ముసలాయన అందరికంటే ఎక్కువసేపు చూసి, ఆవులు సరిగ్గా ఉన్నాయన్నాడు, బేళ్ళు సరిగ్గా ఉన్నాయన్నాడు, ఆ మనిషి కాళ్ళు నిలదొక్కుకున్న తీరు చూస్తే పని తెలిసినదేనన్నాడు. "ఆ స్కార్ఫ్ ఒక్కటే తప్పు," అన్నాడు. గడ్డి వేసేవాళ్ళు ముక్కూ నోరూ అలా బిగించుకోరట. రెండో బేలుకే ఊపిరాడక లాగి పారేస్తారట. తన పనిలో తప్పెంచితే వెర్నా ఎవర్నీ వదిలేది కాదని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ రోజు పదిమంది ముందు, అవును తప్పే అని ఒప్పుకుంది. నా వైపు చూడనైనా చూడలేదు. ముసలాయన ఏమన్నాడని అమ్మ నన్ను అడగలేదు. ప్రతి మాటకూ అడిగే మనిషి అడగలేదని నేను గమనించాను, గమనించి ఊరుకున్నాను.

మరుసటి ఏడు నాన్నగారికి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది. ఐసెలిన్ దగ్గర ఇల్లు, నాలుగు వీధుల్లో నలుగురు తెలుగువాళ్ళు. నాయనమ్మగారు ఆ ఇంట్లోనే పోయారు, చివరిదాకా వీపు ఆనించకుండా. ఇప్పుడు జార్జియాలోని కమ్మింగ్‌లో మా ఇంటి కిటికీలకు కర్టెన్లే లేవు, వెలుతురు వస్తుందని మా అమ్మాయి పెట్టనివ్వలేదు. ఏ పుట్టినరోజుకు వెళ్ళినా, ఏ వ్రతానికి వెళ్ళినా అమ్మ ముఖం వంద ఫోన్లలోకి ఎక్కుతుంది. స్మైల్ ఆంటీ అని ఎవరో అరుస్తారు, ఆమె పళ్ళు కనిపించకుండా పెదాలు సాగదీస్తుంది. అలాంటివి నా దగ్గర వేలున్నాయి. మా వంశాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. అందరూ చూసినదానికి విలువ తగ్గుతుందని వాళ్ళకు తెలుసు, అది తప్పని ఇప్పటికీ అనుకోను. అయితే తన ముఖం దాచుకోవాలో వద్దో చెప్పే మాట ఆ ముఖం గల మనిషిదన్న సంగతి మా కోటలో ఎవరికీ తట్టలేదు. మేము పాలేరు పని చేసే మనిషిగా చూసిన వెర్నాకు తట్టింది.

ఫోన్ వచ్చిన మర్నాడు అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. వెర్నా పోయిందని చెప్పాను. చేతులు ఆగాయి. "క్రిస్మస్‌కి కార్డు రాలేదు. అనుకున్నాను," అని మళ్ళీ కాయ అందుకుంది. అప్పుడు మిగిలింది చెప్పాను. ఆ రోజు షెడ్డులో ఆమె అన్న మాటేమిటో, నేను వెర్నాకు చెప్పిన మాటేమిటో, రెండూ.

"తెలుసు," అంది అమ్మ.

"ఏం తెలుసు?"

"ఫేస్ అంటే తెలుసు, కవర్ అంటే తెలుసు. గడ్డి మీద కవర్ కప్పమని వెర్నా నాకు వారం వారం చెప్పేదిగా. ఆ పాటి ఇంగ్లీషు వచ్చేసిందిలే అప్పటికి."

"మరి ఎందుకు ఊరుకున్నావు? నో అని ఒక్క మాటంటే సరిపోయేది."

అమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "బయటి మనిషి ముందు నా కూతురు అబద్ధమాడుతోందని చెప్పనా? నేను ఏ ఇంట్లో పుట్టాననుకున్నావు?"

కోట తరఫున, ఏడుగురు మగవాళ్ళ తరఫున ఆ రోజు మాట్లాడింది నేననుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. ఇంటి పరువు నిలబెట్టింది తను, నోరు విప్పకుండా.

బొమ్మ కింద పేరు రాయమనమంటావా అని అడిగాను. "రాయమను, ఇంటిపేరుతో సహా. స్పెల్లింగు నువ్వు చెప్పకు, నేనే చెబుతా," అని ఫోన్ అందుకుంది. నాచేత మేనకోడలికి కలిపించి, స్పీకర్ పెట్టించి, తన ఇంగ్లీషులో వెర్నా గురించి అడిగింది, ఆవులు ఇప్పుడెవరి దగ్గరున్నాయని అడిగింది, ఒక్కొక్క అక్షరం విడదీసి పేరు రాయించింది. స్కార్ఫ్ దగ్గర రంగు మందంగా ఉంది, కింద ముఖం ఉందా, ఎలా ఉండేదని మేనకోడలు అడిగితే, "ఐ డోంట్ రిమెంబర్, డియర్. మై డాటర్ నోస్," అని ఫోన్ నా ముందుకు తోసింది.

చెప్పాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనిది, ఎదురుగా ఉన్నట్టే చెప్పాను. నోరు పూర్తిగా తెరిచి ఉందని, పై వరసలో ఒకదాని మీదికొకటి ఎక్కిన రెండు పళ్ళు కనిపిస్తున్నాయని, కుంకుమ చెమటకు కరిగి కనుబొమదాకా పాకిందని, చెవి పక్క జుట్టులో గడ్డిపరక చిక్కుకుందని, గాలికి ఒక కన్ను సగం మూసుకుపోయిందని. చూపు వెర్నా వైపు లేదని, కెమెరా వైపూ లేదని, కొంచెం పక్కకు ఉందని. అంతవరకూ చెప్పి ఆగిపోయాను. ఆ పక్కన ఏముందో నాకు తెలియదు. అమ్మ వైపు తిరిగి, దేన్ని చూసి అంతలా నవ్వావని అడిగాను.

"దేన్నేమిటి, నిన్నే. బండి ఆగీ ఆగగానే వెనకద్దానికి ముక్కు ఆనించి, శిస్తు వసూలుకొచ్చిన మునసబులా చూశావు. మంచులో నవ్వలేక చచ్చాను."

మీ అమ్మగారు ఏమంటున్నారని మేనకోడలు నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది, మునసబు దగ్గర కొంచెం తడబడి, టాక్స్ మ్యాన్ అని సర్దుకుంది. అటునుంచి ఆమె, ఇటునుంచి అమ్మ నవ్వుకున్నారు. అమ్మ ఆ రోజు నిజంగా నన్ను చూసే నవ్విందో, నా మనసు తేలికపరచడానికి చిక్కుడుకాయల ముందు కూర్చుని అప్పటికప్పుడు కల్పించిందో నాకు తెలియదు. ఒక్క మాట అనకుండా ఇన్నేళ్ళు దాచిన మనిషి, ఒక్క మాట కల్పించలేదని ఎలా నమ్మడం? ఆ మునసబు సంగతి కూడా రాసుకుంటానంది మేనకోడలు. అమ్మ సరేనంది. నన్నెవరూ అడగలేదు.